ఒక్కరోజు క్లాసుతో గుండె గట్టిపడదు

"మా తమ్ముడు ఒడిశా పర్లాకిమిడిలో 108 అంబులెన్సు బండి మీద చేరాడు. మానసిక స్థైర్యం మీద ఒక్కరోజు ట్రైనింగ్ ఇచ్చారు, చాలుతుందా?" అని అడిగారు. చాలదండీ. కుర్రాడి ధైర్యం కంటే డ్యూటీ నడిపే తీరే ముఖ్యం.

2023 జూన్ 2న ఒడిశాలోని బహానగాలో కోరమాండల్ రైలు ప్రమాదం జరిగింది కదా. అక్కడ పనిచేసిన ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) జవాన్లలో ఒకరికి నీళ్ళు చూస్తే రక్తంలా కనిపిస్తోందని, ఇంకొకరికి ఆకలే పోయిందని ఆ దళం అధిపతే చెప్పారు. ఆరితేరినవాళ్ళ గతే అది! శవాలు ఉంచిన బడికి రావడానికి పిల్లలు భయపడితే, చివరికి ఆ భవనం కూల్చేశారు.

అందుకే బండి కదిలినప్పుడే చెప్పాలి: ఎంతమంది పోయారు, పిల్లలున్నారా, కాలిన వాసన ఉంటుందా. శవాలు మోసే పని ఒకరి మీదే పడకూడదు, మనుషుల్ని మారుస్తుండాలి. పోయినవాళ్ళ ఫోన్లు, పర్సుల్లో ఫొటోలు పని లేకుండా చూడకూడదు. శవం కన్నా దాని జేబులో "అమ్మ" అని మోగే ఫోను ఎక్కువ రోజులు వెంటాడుతుంది.

తిరిగొచ్చాక కడుక్కుని, యూనిఫాం మార్చి, నీళ్ళు తాగి కూర్చోవాలి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలాలి, 5 నిమిషాలు. గబగబా పీలిస్తే కళ్ళు తిరుగుతాయి, చాలామంది అక్కడే మానేస్తారు. ఆ రాత్రి మందు ముట్టకూడదు. నిద్ర పట్టినట్టే పట్టి నడిరాత్రి చెడిపోతుంది.

అందర్నీ కూర్చోబెట్టి "ఏం చూశావో చెప్పు" అని తవ్వడం మాత్రం వద్దు. 1980ల నాటి పద్ధతి అది, ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంది. తనంతట తను చెబితే వినాలి, అంతే.

మన సరిహద్దులో ఇంకో బాధ. పాఠం ఒడియాలో, స్లైడ్లు ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగో, సవర గిరిజన భాషో మాట్లాడేవాడు "భయమేసింది" అన్న మాట ఎక్కడ చెప్పుకుంటాడు? కాంట్రాక్టు డ్రైవర్‌ని ఆ క్లాసుకైనా పిలవాలి కదా! బండిలో అతనూ అదే చూస్తాడు.

అలాంటి డ్యూటీ అయ్యాక మూడోరోజు, రెండువారాలకు, నెలకు మీరే అడగండి: నిద్ర, తిండి, చిరాకు, ప్రమాదం జరిగిన దారంటే తప్పించుకోవడం. నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టు దగ్గరికే తీసుకెళ్ళాలి. ఈలోగా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులుండవు. తెలుగులోనే మాట్లాడొచ్చు.