పోస్టు పెట్టినందుకు మెమో వచ్చింది, ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టర్‌ని. ఫేస్‌బుక్‌లో అప్పుడప్పుడూ రాస్తుంటాను. ఈమధ్య మూడు పోస్టులు తలనొప్పి తెచ్చాయి. మొదటిది బడిలో యాప్ పనుల గురించి: "ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర దాకా నా చేతిలో సుద్దముక్క లేదు, ఫోనే ఉంది. ఇలాంటి పథకాలు పెట్టినవాళ్లు ఒక్కరోజు క్లాసు చెప్పి చూడాలి" అని రాశాను. రెండోది ఒక పెద్ద హీరో సినిమా మీద. ఫస్టాఫ్ సాగదీశారని, హీరోకి ఏడుపు సీను చేతకాదని, పాటలు సందర్భం లేకుండా వచ్చాయని రాసి, చివర్లో "నల్లడబ్బు తెల్లగా చేసుకోవడానికి తీసిన సినిమా" అన్నాను. అభిమానులు ఫోన్ చేసి కేసు పెడతామని, అంతు చూస్తామని బెదిరిస్తున్నారు. మూడోది, మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక పార్టీ నాయకుడి కార్టూన్ ఫార్వర్డ్ చేసి "వీళ్లకి ఓటేస్తే మన ఊరు మునిగినట్టే" అని రాశాను. ఎవరో ఇవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) గారికి పంపారు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. భావ ప్రకటన స్వేచ్ఛ ఉంది కదా? అరెస్టు చేస్తారా? ఉద్యోగం పోతుందా? హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో ఉన్న మా తమ్ముడు ఇంతకన్నా ఘాటుగా రాస్తాడు. వాడినెవరూ ఏమీ అనలేదే!
– పేరు ప్రచురించవద్దు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో భయమంతా పోలీసుల చుట్టూనే తిరిగింది. నన్నడిగితే పోలీసుల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. డీఈఓ ఆఫీసులో మీ పేరు మీద తెరిచిన ఫైలు గురించి ఆలోచించండి. మీరు రాసిన మూడూ మీకు ఒకే గోడ మీది రాతలుగా కనిపిస్తున్నాయి గానీ, చట్టం వాటిని మూడు వేర్వేరు చోట్ల నిలబెట్టి అడుగుతుంది.

ముందు స్వేచ్ఛ సంగతి. భావ ప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం మీకూ వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. అయితే ఉద్యోగంలో చేరిన రోజే మీరు ఇంకో పుస్తకానికి కూడా లోబడ్డారు. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి అది. చాలామంది టీచర్లు సర్వీస్ రిజిస్టర్‌ను చూసినంత శ్రద్ధగా దీన్ని చూడరు. ప్రభుత్వ విధానాన్ని గానీ చర్యను గానీ బహిరంగంగా, రాతలో అయినా మాటలో అయినా, ఉద్యోగి విమర్శించకూడదని అందులో ఉంది. ఫేస్‌బుక్ పుట్టకముందు రాసిన నియమమే, కానీ ఫేస్‌బుక్‌కి కూడా సరిపోతుంది.

అదే నియమంలో ఒక మినహాయింపు ఉంది. మెమోలు రాసేవాళ్లు దాన్ని ప్రస్తావించరు, అందుకే మీరు గుర్తుపెట్టుకోవాలి. కేవలం ప్రభుత్వ ఉద్యోగులే ఉన్న ప్రైవేటు సమావేశంలో, లేదా గుర్తింపు పొందిన ఉద్యోగ సంఘం సమావేశంలో, ఉద్యోగుల ప్రయోజనాలకు సంబంధించిన విషయాలను చర్చించుకోవచ్చు. అంటే యాప్ పని గురించి ఇదే మాట మీరు మీ సంఘం మీటింగ్‌లో అని ఉంటే ఈ మెమోకి ఆధారమే ఉండేది కాదు. టీచర్లు మాత్రమే ఉన్న వాట్సాప్ గ్రూపును సమావేశం కింద లెక్కపెట్టొచ్చా అంటే, వాదించొచ్చు. నేనైతే వాదిస్తాను. కానీ ఊరందరికీ కనిపించే ఫేస్‌బుక్ పోస్టుకి ఆ వాదన పనికిరాదు.

మీ మొదటి పోస్టులో రెండు వాక్యాలున్నాయి. "నా చేతిలో సుద్దముక్క లేదు, ఫోనే ఉంది" అన్నది మీ అనుభవం. అందులో ఎవరినీ తప్పుపట్టలేదు. "పథకాలు పెట్టినవాళ్లు ఒక్కరోజు క్లాసు చెప్పి చూడాలి" అన్న రెండో వాక్యం దగ్గరే చిక్కు. అక్కడ మీరు అనుభవం దాటి విధానం మీదికి వెళ్లారు. సంజాయిషీలో మొదటి వాక్యాన్ని గట్టిగా పట్టుకోండి. రెండోదాన్ని అలసటలో అన్న మాటగా, ఎవరినీ కించపరిచే ఉద్దేశం లేనిదిగా వివరించండి.

కోర్టులు ఇలాంటి వాటిని ఎలా చూశాయంటే, రెండు వైపులా తీర్పులున్నాయి. కర్ణాటకలో ఒక ప్రభుత్వ కార్పొరేషన్ ఉద్యోగి పై అధికారి మీద ఆరోపణలతో గవర్నర్‌కు లేఖ రాసి, పత్రికలకూ ప్రకటన ఇచ్చాడు. ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేస్తే 1998లో సుప్రీంకోర్టు అది సరైనదే అంది. మరోవైపు త్రిపురలో మత్స్యశాఖ ఉద్యోగిని ఒకరిని, ఒక రాజకీయ సభకు వెళ్లారని, ఫేస్‌బుక్‌లో రాజకీయ పోస్టు పెట్టారని, రిటైర్మెంట్‌కి కొద్ది రోజుల ముందు సస్పెండ్ చేశారు. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఆ చర్యలను కొట్టేసింది. ప్రభుత్వ ఉద్యోగి అయినంత మాత్రాన వాక్ స్వాతంత్ర్యం పోదని, నియమాల పరిధిలో తన అభిప్రాయం తాను చెప్పుకోవచ్చని అంది. మీ వకీలు రెండో తీర్పు చూపిస్తారు, శాఖ తరఫువాళ్లు మొదటిది చూపిస్తారు. త్రిపుర తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు, కానీ బాగా ఉపయోగపడుతుంది.

రాజకీయ పోస్టు సంగతి అంత తేలిక కాదు. కార్టూన్ కన్నా దాని కింద మీరు రాసిన వాక్యమే మీకు ఎక్కువ ఇబ్బంది. ప్రభుత్వ ఉద్యోగి ఓటు వేయొచ్చు, కానీ ఎవరికి వేస్తున్నదీ సూచనగా కూడా బయటపెట్టకూడదు, ఎన్నికల్లో ప్రచారం చేయకూడదు. "వీళ్లకి ఓటేస్తే" అని మొదలుపెట్టిన వాక్యం ప్రచారం కాదని నిరూపించడం కష్టం. పైగా రేపు ఎన్నికలొస్తే పోలింగ్ బూత్‌లో కూర్చునేది మీలాంటి టీచర్లే. ఆ డ్యూటీలో ఉన్నంతకాలం ఎన్నికల సంఘం డిప్యుటేషన్‌లో ఉన్నట్టు లెక్క. షెడ్యూలు వచ్చాక ఇలాంటి పోస్టు పెడితే నా సలహా ఇంత మెత్తగా ఉండదు.

"అది మా బ్యాచ్ గ్రూపు, ప్రైవేటు" అంటారేమో. అందులో కిరాణా కొట్టు ఆయన, ఎల్‌ఐసీ ఏజెంటు, బహుశా వార్డు మెంబరూ ఉంటారు. పైన చెప్పిన మినహాయింపు వాళ్లకి వర్తించదు. "నేను తయారు చేయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అన్న మాట కూడా పెద్దగా నిలబడదు. మహిళా జర్నలిస్టులను కించపరిచిన పోస్టును షేర్ చేసిన ఒక తమిళ నటుడు ఇదే వాదన చేస్తే, ఫార్వర్డ్ చేసినవాడు దాని పర్యవసానాన్నీ భరించాల్సిందేనని మద్రాసు హైకోర్టు 2023లో చెప్పింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లినా ఊరట దొరకలేదు. మీ కార్టూన్ ఆ కోవలోది కాదు. ఒక నాయకుడి మీద వ్యంగ్యచిత్రం నేరమేమీ కాదు. మీది క్రమశిక్షణ సమస్య, అంతవరకే.

ఇక సినిమా. ఇక్కడ చట్టం మీ పక్షాన ఉంది, ఒక్క వాక్యం తప్ప. పరువు నష్టం ఇప్పుడు, పాత పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాకపోతే సమాజ సేవ. దానికి పది మినహాయింపులున్నాయి. ఆరోది సినిమా రివ్యూ రాసేవాళ్లందరూ చదువుకోవాల్సినది. ప్రజల తీర్పుకు వదిలిన రచన మీద, ప్రదర్శన మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం పరువు నష్టం కాదు. పుస్తకం ప్రచురించినవాడు, వేదికెక్కి నటించినవాడు, పాడినవాడు తన పనిని జనం తీర్పుకు పెట్టినట్టేనని అక్కడ ఉదాహరణలతో సహా రాశారు. 1860 నాటి పీనల్ కోడ్‌లోవే ఆ ఉదాహరణలు. "ఈ పుస్తకం తెలివితక్కువగా ఉంది, రాసినవాడు బలహీనుడై ఉండాలి" అంటే తప్పులేదట, ఎందుకంటే ఆ మాట పుస్తకం చదివితే వచ్చింది. "ఈ పుస్తకం ఇలా ఉండటంలో ఆశ్చర్యం లేదు, రాసినవాడు వ్యభిచారి కదా" అంటే మినహాయింపు వర్తించదు, ఆ మాట పుస్తకంలోంచి రాలేదు కాబట్టి.

మీ పోస్టును ఆ కొలతతో చూడండి. ఫస్టాఫ్ సాగదీశారు, హీరోకి ఏడుపు సీను చేతకాదు, పాటలు సందర్భం లేకుండా వచ్చి పడ్డాయి. ఇవన్నీ తెర మీద చూసి అన్న మాటలు. నూటికి నూరు పాళ్లు మీ హక్కు. "నల్లడబ్బు తెల్లగా చేసుకోవడానికి తీశారు" అన్నది తెర మీద కనిపించదు. అది నిర్మాత నేరం చేశాడన్న ఆరోపణ. రుజువు చూపించమంటే మీ దగ్గరేముంది? ఆ ఒక్క వాక్యాన్ని వెనక్కి తీసుకోండి. మిగతా రివ్యూ జోలికి వెళ్లకండి.

అభిమానులకు చెప్పండి, పరువు నష్టం కేసు వాళ్లు పెట్టలేరు. పరువు పోయినవాడు, అంటే ఆ నిర్మాత, మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు చేసుకోవాలి. స్టేషన్‌లో కాగితం ఇస్తే నేరుగా ఎఫ్‌ఐఆర్ అయ్యే నేరం కాదిది. మీకు ఫోన్ చేసి "అంతు చూస్తాం" అన్నవాళ్లది మాత్రం నేరపూరిత బెదిరింపు. కాల్ రికార్డులు, నంబర్లు, టైము దాచుకోండి. అన్నట్టు, బెనిఫిట్ షోలో హీరో ఎంట్రీని ఫోన్‌తో తీసి స్టేటస్ పెట్టుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ తర్వాత హాల్లో అనుమతి లేకుండా సినిమా రికార్డు చేసేవాళ్లకి కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, మూడు లక్షలకు తగ్గని జరిమానా ఉన్నాయి. మీ రివ్యూకి అలాంటి క్లిప్ తగిలించి ఉంటే వెంటనే నాకు చెప్పండి.

అరెస్టు మాటకొస్తే, మీ మూడు పోస్టుల్లో ఏదీ అరెస్టు దాకా వెళ్లేలా నాకు కనిపించడం లేదు. ఆన్‌లైన్‌లో చిరాకు తెప్పించే మాటలకు జైలు వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఎవరైనా ఆ సెక్షన్ పేరు చెప్పి భయపెడితే నవ్వి ఊరుకోండి. న్యాయ సంహితలో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టారనే 196, పుకార్లతో అలజడి రేపారనే 353 సెక్షన్లు వాడతారు గానీ, మీ మాటల్లో కులం లేదు, మతం లేదు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాట మీద, రాత మీద ఫిర్యాదు వస్తే, కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. పోలీసులు పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) 35(3) కింద నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని కూడా 2025లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి వాట్సాప్‌లో "నోటీసు" వచ్చిందంటే ముందు అది నిజమైనదో కాదో స్టేషన్‌కి వెళ్లి కనుక్కోండి. డబ్బు అడిగితే మోసమే.

తమ్ముడి సంగతి రెండు మాటల్లో. 19వ అధికరణం ప్రధానంగా కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, ప్రైవేటు కంపెనీని కాదు. ఆయన రాజకీయాలు ఎంత ఘాటుగా రాసినా ప్రవర్తనా నియమావళి అడ్డురాదు. కానీ కంపెనీ గురించో క్లయింటు గురించో ఒక్క మాట రాస్తే, అపాయింట్‌మెంట్ లెటర్‌లో సంతకం పెట్టిన షరతు చూపించి నోటీసు పీరియడ్ జీతం చేతిలో పెట్టి పంపేయగలరు. మీకున్న విచారణ, అప్పీలు వగైరా రక్షణలు ఆయనకు లేవు. వాడినెవరూ ఏమీ అనలేదంటే ఇంతవరకు ఎవరూ చూడలేదని అర్థం.

ఇప్పుడు మెమో. ఇది సంజాయిషీ అడిగిన కాగితమే, శిక్ష కాదు. చిన్న శిక్ష వేయాలన్నా 1991 సీసీఏ రూల్స్‌లో (ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల నియమాలు) 22వ రూలు ప్రకారం మీ జవాబు తీసుకుని పరిశీలించాలి. పెద్ద శిక్షకైతే 20వ రూలు ప్రకారం అభియోగాలు, పత్రాల జాబితా, విచారణ అధికారి అన్నీ కావాలి. గతంలో మచ్చ లేకపోతే ఇది అభిశంసన (రాతపూర్వక మందలింపు)తోనో, మహా అయితే ఒక ఇంక్రిమెంట్ ఆపడంతోనో ముగుస్తుందని నా అంచనా. ఉద్యోగం పోయేంత బరువు ఈ మూడింటికీ కలిపినా లేదు. ఈ దశలోనే హైకోర్టుకు పరిగెత్తకండి. ఇలా సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసు మీద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌ను మామూలుగా వినరని సుప్రీంకోర్టు 2006లోనే అంది. శిక్ష పడితే అప్పీలు, ఆ తర్వాత హైకోర్టు. ఉద్యోగుల కేసులు వినే ట్రిబ్యునల్ ఇప్పుడు ఎటూ లేదు.

చేయకూడని పని ఒకటుంది, సగం మంది అదే చేస్తారు: "నా అకౌంట్ హ్యాక్ అయింది" అని రాయడం. హ్యాక్ అయితే సైబర్ ఫిర్యాదేది అని అడుగుతారు. లేకపోతే చిన్న తప్పుకి అబద్ధం తోడవుతుంది. పోస్టులు తీసేయాలనుకుంటే ముందు తేదీ, లింకు, కామెంట్లతో సహా పూర్తి కాపీ దాచుకుని, సంజాయిషీలో ఆ సంగతి చెప్పి తీసేయండి. స్క్రీన్‌షాట్లు కత్తిరించి పంపే అలవాటు జనానికి ఉంది, మీ మొత్తం పోస్టు మీ దగ్గర లేకపోతే నష్టం మీకే.

జవాబు ఒక పేజీ దాటనివ్వకండి. ఇలా రాయొచ్చు: "సదరు పోస్టులో నా రోజువారీ పని అనుభవం మాత్రమే చెప్పాను. ప్రభుత్వ విధానాన్ని విమర్శించే ఉద్దేశం నాకు లేదు. అలా అర్థమయ్యే వాక్యం ఉన్నందుకు విచారిస్తున్నాను. గ్రూపులో పంపిన సందేశం మిత్రుల మధ్య జరిగిన సంభాషణ, ఏ పార్టీ తరఫునా ప్రచారం కాదు. ఇకపై జాగ్రత్తగా ఉంటాను." సినిమా గురించి మెమోలో ఉంటే, అది ఉద్యోగ విధులకు సంబంధం లేని వ్యక్తిగత అభిప్రాయమని ఒక్క వాక్యం చాలు. మీకు వ్యతిరేకంగా వచ్చిన ఫిర్యాదు కాపీ, పూర్తి స్క్రీన్‌షాట్లు ఇవ్వమని అదే లేఖలో అడగండి. గడువు చాలకపోతే గడువు ముగియకముందే రాతపూర్వకంగా పొడిగింపు కోరండి. హెడ్‌మాస్టర్ గారి ద్వారా పంపి, ఆఫీసు కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.