ఆ బస్సు టికెట్లు పారేయకండి

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో ఒక ఊరు. పన్నెండు మంది ఆడవాళ్లం చిన్న సంఘం పెట్టుకుని రిజిస్టర్ చేయించుకున్నాం. పక్క గూడెంలో ఇరవై రెండేళ్ల కోందు తెగ అమ్మాయిపై సంతకు సరుకు కొనడానికొచ్చే వ్యాపారి ఒకడు అత్యాచారం చేశాడు. అతను గిరిజనుడు కాదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్లతో ఎఫ్‌ఐఆర్ అయింది, వైద్య పరీక్ష అయింది, రిపోర్టూ వచ్చింది. మూడు నెలలైనా ఆమెకు రూపాయి రాలేదు. అడిగితే "తీర్పు వచ్చాకే" అంటున్నారు. స్టేషన్‌కి, ఆసుపత్రికి, విశాఖకి తిప్పడానికి మా చేతి డబ్బు పదకొండు వేలు దాటింది. ఇలా సాయం చేసే సంఘాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందా? లేకపోతే ఆమె ఒప్పుకుంటే, వచ్చే పరిహారంలోంచి మా ఖర్చు పట్టుకోవచ్చా?

జవాబు: ముందు మీ చివరి మాటకు సమాధానం చెప్పేస్తాను. పట్టుకోవద్దమ్మా. ఆమె సంతోషంగా వేలిముద్ర వేసి ఇచ్చినా వద్దు. ఆ డబ్బు చట్టం ఆమె పేరున పెట్టింది, ఆమె బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఇంకో కారణం కూడా ఉంది. రేపు విచారణలో మీలో ఒకరు సాక్షిగా బోనెక్కితే, ముద్దాయి తరఫు లాయరు అడిగే మొదటి ప్రశ్న "పరిహారంలో మీ సంఘం వాటా ఎంత?" అనే. మీరు పట్టుకున్న పదకొండు వేలు అక్కడ పదకొండు లక్షల నష్టం చేస్తుంది.

మరి మీ ఖర్చు సంగతేమిటి? మీరు గ్రాంటు కోసం వెతుకుతున్నారు గానీ, అందులో చాలా భాగం 1995 అట్రాసిటీ నియమాల్లో 11వ నియమం కిందే రాబట్టవచ్చు. దర్యాప్తుకు, విచారణకు వెళ్లే బాధితురాలికి, సాక్షులకు రానుపోను ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. బాధితురాలు మహిళ అయితే తోడుగా ఒకరిని తీసుకెళ్లొచ్చు, ఆ తోడు మనిషికీ ఇవ్వాలి. కూలి పోయిన రోజుకు కనీస వేతనానికి తగ్గకుండా దినభత్యం, భోజనం ఖర్చు, మందుల ఖర్చు కూడా ఉన్నాయి. ఇదంతా వెంటనే, లేదా మూడు రోజుల్లోపు చేతికివ్వాలి. మీ ఉత్తరంతోపాటు నోట్‌బుక్ కాగితం మీద ఖర్చుల పద్దు పంపారు. ఆటో, ఘాట్ దిగే బస్సు, టిఫిన్, జిరాక్సు అన్నీ రాశారు, తేదీలు మాత్రం లేవు. తేదీ, ఎవరు వెళ్లారు, ఏ పని మీద అన్నవి చేర్చండి. దొరికినన్ని టికెట్లు ఒక కవరులో పెట్టండి. మీలో ఆమెకు తోడు వెళ్లే మనిషి ఒక్కరే అయితే బిల్లు తేలిగ్గా పాసవుతుంది. ప్రతిసారీ నలుగురు వెళితే మిగతా ముగ్గురి ఖర్చు రాదు.

ఇక "తీర్పు వచ్చాకే" అన్నది పూర్తిగా తప్పు. 2016లో సవరించిన నియమాల ప్రకారం అత్యాచార బాధితురాలికి 5 లక్షల రూపాయలు. వైద్య పరీక్ష జరిగి నిర్ధారణ నివేదిక వచ్చాక సగం, ఛార్జిషీటు కోర్టుకు చేరాక పావు, కింది కోర్టులో విచారణ ముగిశాక మిగిలిన పావు. 12(4) నియమం ప్రకారం తక్షణ సాయానికి ఏడు రోజులే గడువు. అంటే ఈపాటికి ఆమె ఖాతాలో రెండున్నర లక్షలు ఉండాలి. ఛార్జిషీటు కూడా 60 రోజుల్లో వేయాలి, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. కాబట్టి ఆ పావు భాగం గురించి కూడా అడిగే హక్కు ఆమెకుంది.

"బడ్జెట్ రాలేదు" అనే మాట కూడా మీరు వింటారు. ఈ చట్టం అమలుకు కేంద్రం ఇచ్చే నిధి ఒకటుంది. రాష్ట్రం ఏటా భరించాల్సిన మొత్తానికి పైన అయ్యే ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరిసగం పెట్టుకుంటాయి. వాళ్ల మధ్య లెక్కలు తేలేదాకా బాధితురాలు ఆగాలని చట్టంలో ఎక్కడా లేదు.

అర్జీ కలెక్టరు పేరునే రాయండి, నకలు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీఓ గారికి. ఎఫ్‌ఐఆర్ కాపీ, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జతచేసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి రావద్దు. కదలిక లేకపోతే 14566కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, అది అట్రాసిటీ కేసుల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఈ కేసును అక్కడ పెట్టమని కూడా అర్జీలో రాయండి. అమ్మాయి చర్చికి వెళుతుందని ఎవరైనా మెలిక పెడితే జంకొద్దు. మతానికీ ఎస్టీ హోదాకీ ముడి లేదు, ఆ నిబంధన ఎస్సీలకే.

ఇదే మీ ప్రాంతంలో ముద్దాయి కూడా గిరిజనుడే అయి ఉంటే కథ మారిపోయేది. ముద్దాయి ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ చట్టం వర్తించదు, ఆ పరిహారమూ ఉండదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు, ఆగనక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్ ఉంది (పాత సీఆర్‌పీసీలో 357ఎ). దాని కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేస్తే రెండు నెలల్లో విచారించి పరిహారం తేల్చాలి. ముద్దాయి దొరక్కపోయినా అడగొచ్చు. కేసు కొట్టేసినా, బాధితురాలికి పునరావాసం అవసరమని కోర్టు అనుకుంటే సిఫారసు చేయొచ్చు. మీ ఏజెన్సీలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2007 ఆగస్టులో వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం గాలించే ప్రత్యేక దళం) పోలీసులపై అత్యాచార ఆరోపణ చేశారు. పదిహేనేళ్లు దాటాక, 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆదేశించింది. ఆ తీర్పు మీద నా అభిప్రాయం వేరు, దాన్ని ఇక్కడ పెట్టను. శిక్షకూ పరిహారానికీ లంకె తప్పనిసరి కాదని మీకు తెలియాలనే ఇది చెప్పాను. అన్నట్టు, మీ అమ్మాయి విషయంలో కూడా అట్రాసిటీ సాయం తీసుకుంటే ఇతర చట్టాల కింద అడిగే హక్కు పోదు, 12(5) నియమం ఆ మాట స్పష్టంగా చెప్పింది.

ఇక సంఘానికి గ్రాంటు. ఉన్నమాట చెబితే మీకు నిరాశ కలగవచ్చు. బాధితులకు ఇలా తోడు నిలిచే చిన్న సంఘం దరఖాస్తు పెట్టి నేరుగా తెచ్చుకునే గ్రాంటు అట్రాసిటీ చట్టంలో లేదు. అవగాహన కేంద్రాలు, వర్క్‌షాపులు నడిపే స్వచ్ఛంద సంస్థలను ప్రోత్సహించాలని, అవసరమైన ఆర్థిక సాయం చేయాలని నియమాల్లో ఉంది గానీ, అది ఫలానా మొత్తం ఇవ్వాలి అన్నట్టు కాదు. గిరిజన మంత్రిత్వ శాఖ స్వచ్ఛంద సంస్థలకిచ్చే గ్రాంట్లు ప్రధానంగా బడులు, హాస్టళ్లు, వైద్యం వంటి పనులకు వెళతాయి. కన్సల్టెంటు ఎవరైనా "నేను ఇప్పిస్తా, ముందు ఐదువేలు కట్టండి" అంటే తలుపు చూపించండి.

మీ స్థానంలో నేనుంటే ఒక పని చేస్తాను. మీలో కువి (కోందుల భాష), తెలుగు రెండూ బాగా వచ్చిన ఇద్దరిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్లుగా చేర్పిస్తాను. శిక్షణ ఇస్తారు, పని చేసిన రోజుకు గౌరవ వేతనం ఇస్తారు. గుర్తింపు కార్డు చూపిస్తే స్టేషన్‌లో మాట్లాడే తీరే మారుతుంది. కార్డు లేకపోయినా, స్వచ్ఛంద సంస్థ సాయం తీసుకోవడం బాధితురాలి హక్కని అట్రాసిటీ చట్టం 15ఎ సెక్షన్ చెబుతోంది. "మీరెవరు?" అని ఎవరైనా బయట నిలబెడితే ఆ సెక్షన్ చెప్పండి. ముద్దాయి బెయిలు అడిగితే ఆమెకు నోటీసు రావాలి, ఆమె మాట వినాలి, అదీ ఆ సెక్షన్‌లోదే. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100.

ఒక్క సంగతి మిగిలింది. మీ ఉత్తరంలో అమ్మాయి పేరు, ఊరు, ఫొటో కూడా పంపారు. వాటిని చించేశాను. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. మీ సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో ఉంటే ఈ రోజే తీసేయించండి.