ప్రొద్దుటూరు నుంచి సముద్రంలో గాలం వేయడానికి వెళ్లాలంటే ఏ నెలలు మంచివి?

మైలవరం రిజర్వాయర్‌లో గాలం వేసే అలవాటున్న మీరు, ఏప్రిల్ చివర్లో పిల్లల సెలవులకు నెల్లూరు తీరానికి వెళ్లొచ్చా, అప్పటి వేట నిషేధం మీకూ వర్తిస్తుందా అని అడిగారు. నాదీ కడప జిల్లానే. మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, అక్కడి నుంచి మైపాడు వైపు వెళ్లి గాలం వేయడం నాకు ఏళ్ల నాటి అలవాటు.

సెలవుల కోసం ఆగకండి. సంక్రాంతి దాటాక, ఉగాదిలోపు ఒక శని, ఆదివారాలు చూసుకుని వెళ్లండి.

కారణం మన పెన్నే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు ఆ తీరాన్ని వదలవు. చిత్రావతి, కుందూ, పాపఘ్ని, చెయ్యేరు అన్నీ మన జిల్లాలోనే పెన్నలో కలుస్తాయి. వాటికి వరదొచ్చి పెన్న మీది సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తితే ఆ బురదంతా ఊటుకూరు దగ్గర సముద్రంలోకి పోతుంది. ఆ రోజుల్లో అలలూ ఎక్కువే, గాలానికి చెత్త తగులుకోవడమూ ఎక్కువే. సంక్రాంతి నాటికి నీళ్లు తేరుకుంటాయి, అలలు తగ్గుతాయి. ఏరు కలిసే చోట రొయ్య పిల్లలు, చిన్న చేపలు గుంపులుగా తిరుగుతుంటే వాటి వెనకే పండుగప్ప, మాగ, పార వస్తాయి. వంజరం మాత్రం ఒడ్డు నుంచి దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, దానికి పడవలో లోపలికి పోవాలి.

ఇక నిషేధం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్లకు అది వర్తించదు. కానీ ఎవరైనా 'ఇంజన్ బోటులో తీసుకెళ్తా, ఇంత ఇవ్వండి' అంటే దయచేసి ఒప్పుకోకండి. దొరికిపోతే మీరు ప్రొద్దుటూరు వచ్చేస్తారు, నష్టపోయేది ఆ పడవ మీద బతికే కుటుంబం.

వేసవిలోనే వెళ్లక తప్పదంటే తెల్లవారకముందే ఇసుక మీద ఉండండి. పొద్దున నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, గాలం దూరం పోతుంది. ఎండెక్కాక గాలి తిరిగి మొహానికి కొడుతుంది. తొమ్మిదిన్నర, పదికి సర్దుకోవడం మంచిది.

రిజర్వాయర్‌లో గాలం వేసేవాళ్లకు కొత్తగా తెలియాల్సింది నెల కన్నా ముఖ్యంగా ఆటుపోట్లు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు. పోటు వచ్చే సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే ఇవాళ ఆరింటికి చేపలు పడిన చోట నాలుగు రోజుల తర్వాత అదే ఆరింటికి ఏమీ పడకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్ల కదలిక బలంగా ఉంటుంది. నా అనుభవంలో పోటు మొదలైన తొలి రెండు గంటలు, పాటు, అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, మొదలయ్యే సమయం బాగుంటాయి. నీళ్లు నిలిచిపోయినప్పుడు కూర్చుని టీ తాగడమే. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు, పోటు సమయాలు తప్పక చూడండి. అవి ఉచితంగానే దొరుకుతాయి.

రిజర్వాయర్‌కు వాడే పొట్టి రాడ్ చాలదు. తొమ్మిది, పది అడుగుల రాడ్, ఇసుకలో దిగబడి నిలిచే బరువైన సీసం కావాలి. పండుగప్ప మొప్పల అంచు బ్లేడులా ఉంటుంది, కాబట్టి గాలం ముల్లుకు పైన మందపాటి నైలాన్ దారం కట్టండి. తిరిగొచ్చాక రీల్‌ను మంచినీళ్లతో కడగండి.

ఒక్కటి మాత్రం వేడుకుంటున్నాను. చాలా పెద్ద పండుగప్ప పడితే ఫొటో తీసుకుని వదిలేయండి. ఈ చేప ముందు మగదిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. కాబట్టి భారీ చేప అంటే దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. ఒక్కోటి లక్షల గుడ్లు పెడుతుంది. కూరకు మధ్యస్థమైనది చాలు, రుచి కూడా దానికే ఎక్కువ. వదిలేటప్పుడు చేతులు తడుపుకుని పట్టుకోండి, నీళ్లలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకుని అది తనంతట తాను కదిలేదాకా ఆగండి.

నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ వెళ్లండి, టేకు చేప (తోకలో విషపు ముల్లుండే బల్లపరుపు చేప) ఉంటే తప్పుకుంటుంది. దాని ముల్లు దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టాలి, నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. మన జెల్ల ముల్లు లాంటిదే అనుకోవద్దు.

పిల్లలు వెంట ఉంటే మొదటిసారి ఏరు కలిసే చోటికి వద్దు. పాటు సమయంలో అక్కడ నీళ్లు లోపలికి లాగేస్తాయి, ఇసుక తిన్నెలు కూడా వరద వచ్చినప్పుడల్లా చోటు మారుతుంటాయి. మైపాడు బీచ్‌లో జనం ఉన్న వైపు ఒడ్డునే ఉంచండి. గాలం వేసే ముందు అక్కడి మత్స్యకారులను 'అన్నా, ఇక్కడ వల ఉందా?' అని ఒక మాట అడగండి. ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ లోతో వాళ్లే చూపిస్తారు.