నాన్నగారి ఇంజక్షన్ కోసం జీడితోట అమ్మొచ్చా?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. నాన్నకి 68 ఏళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్. మూడు నెలలకోసారి లూప్రోలైడ్ ఇంజక్షన్, ఒక్కోటి మాకు 12 వేలు పడుతోంది. ఎన్నాళ్లు వేయాలో చెప్పలేమన్నారు. నాది విజయనగరంలో ప్రైవేటు ఉద్యోగం, ఏడాదికి 6 లక్షలు. తిత్లీ తుపానుకి చెట్లన్నీ పోతే 2019లో నాన్న మళ్లీ నాటిన ఎకరం జీడితోట ఉంది. అమ్మి బ్యాంకులో వేద్దామా?

జవాబు: తోట అమ్మకండి. ఈ ఇంజక్షన్ ఒంట్లో టెస్టోస్టెరాన్ తయారవకుండా ఆపుతుంది. ఆ హార్మోనే ఈ క్యాన్సర్‌కి మేత. మందు మానేస్తే అది మళ్లీ పెరగొచ్చు కాబట్టి చాలామందికి ఏళ్ల తరబడి వేస్తారు. అంటే ఇది నెలనెలా పాల ఖర్చులాంటిది. ఏడాదికి 48 వేలు, నెలకి 4 వేలు. ఎముకలు గుల్లబారే అవకాశం ఉంటుంది కనుక కాల్షియం మాత్రలు, పీఎస్ఏ పరీక్షలు (ఈ క్యాన్సర్ అదుపులో ఉందో లేదో చూసే రక్తపరీక్ష), దారి ఖర్చులు కలిపి నెలకి 5,500 అనుకోండి. నెలనెలా వచ్చే ఖర్చుకి ఏటేటా కాసే చెట్టే తోడు.

2019లో నాటిన జీడి ఇప్పుడిప్పుడే మంచి కాపుకి వస్తుంది. ఎండాకాలంలో పిక్కల బస్తాలు తూచి డబ్బు చేతికొచ్చిన రోజే ఒక డోసుకి పక్కన పెట్టి, మిగతా మూడింటికీ నాన్నగారి పేరున 3, 6, 9 నెలల డిపాజిట్లు వేయండి. కాపు తగ్గిన ఏడాది లోటు పూడ్చడానికి మీ జీతంలోంచి నెలకి 2 వేలు ఆర్డీ (బ్యాంకులో నెలనెలా కట్టే పొదుపు) కట్టండి.

దానికన్నా ముందు, నాన్నగారికి బియ్యం కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవలో ఈ ఇంజక్షన్‌కి ప్యాకేజీ వస్తుందేమో ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో వైద్యమిత్రని (అక్కడ పథకం సాయానికి ఉండే ఉద్యోగిని) అడగండి. విశాఖ దగ్గర అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో రేటు కూడా కనుక్కోండి. వృషణాలు తీసేసే ఆపరేషన్ ఒక్కసారి చేస్తే ఇంజక్షన్ అవసరం లేకుండానే హార్మోన్ తగ్గుతుంది. ఖర్చు పరంగా చాలా తేలిక. కానీ వెనక్కి తీసుకోలేనిది, మనసుకి సంబంధించినది. డాక్టర్‌ని అడగండి, నిర్ణయం మాత్రం నాన్నగారిదే. డబ్బు చూసి ఆయన్ని తొందరపెట్టొద్దు.

ఇప్పుడు కొత్త హెల్త్ పాలసీ తీసుకుంటే ఈ జబ్బుకి వెంటనే అక్కరకు రాదు. జబ్బు దాచి తీసుకుంటే క్లెయిమ్ కొట్టేస్తారు. పైగా ఆసుపత్రిలో చేరకుండా వేసే ఇంజక్షన్‌ని చాలా పాలసీలు ఓపీ ఖర్చు కిందే చూస్తాయి. సీనియర్ సిటిజన్ క్యాన్సర్ వైద్యానికి ఆదాయపు పన్నులో (80డీడీబీ అనేవారు) లక్ష వరకు మినహాయింపు ఉంది గానీ, అది పాత పన్ను విధానంలోనే. 6 లక్షల జీతానికి కొత్త విధానంలో మీకు పన్నే పడదు. దానికోసం మారొద్దు.

తర్వాతి డోసు తేదీ మీరు రాయలేదు. దానికి పది రోజుల ముందే మందుల షాపులో చెప్పి తెప్పించండి. చల్లగా ఉంచాల్సిన రకమా అని అడిగి, అవునంటే ఐస్ ప్యాక్‌తో తీసుకెళ్లండి. పాడైపోతే 12 వేలు పోయినట్టే.