హెరోకులో జిగ్ భాష: బిల్డ్ పాసై యాప్ ఎందుకు పడిపోతోంది?

టెన్షన్ పడకండి, జిగ్ యాప్‌ను హెరోకు అనే క్లౌడ్ సేవలో నడపడానికి మీరు రాసిన బిల్డ్‌ప్యాక్ (కోడ్‌ను నడిచే యాప్‌గా తయారు చేసే స్క్రిప్టుల సెట్) దాదాపు సరిగ్గానే ఉందండి. బిల్డ్ పాసై, డైనో (యాప్ నడిచే కంటైనర్) లేవగానే ‘ఫైల్ దొరకలేదు’ అని ఆగిపోతోందన్నారు కదా, దానికి కారణం కంపైల్ స్క్రిప్టులోనే ఉంది. ఆ స్క్రిప్టుకు హెరోకు మూడు ఫోల్డర్ల దారులు (పాత్‌లు) ఇస్తుంది: బిల్డ్ డైరెక్టరీ, క్యాష్ డైరెక్టరీ (ఒక బిల్డ్ నుంచి ఇంకో బిల్డ్‌కు మిగిలేది), ఎన్విరాన్‌మెంట్ డైరెక్టరీ. వీటిలో మొదటిదాంట్లో మిగిలినదే స్లగ్‌గా (డైనోకు పంపే ప్యాకేజీగా) మారి డైనోలో స్లాష్ యాప్ ఫోల్డర్ కింద తేలుతుంది, మీరేమో తయారైన బైనరీని (నడిచే ఫైల్‌ను) టెంప్ ఫోల్డర్‌లో వదిలేశారు, అది అక్కడే పోయింది.

బైనరీని బిల్డ్ డైరెక్టరీలో పెట్టండి. జిగ్ కంపైలర్ మాత్రం క్యాష్‌లో ఉంటే చాలు, నడిచేటప్పుడు దాని అవసరం లేదు కాబట్టి స్లగ్‌లోకి లాగి బరువు పెంచడం దండగ. పైగా కోడ్ పుష్ చేసిన ప్రతిసారీ కంపైలర్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసే బాధ తప్పుతుంది.

డిటెక్ట్ స్క్రిప్టులో (ఈ బిల్డ్‌ప్యాక్ యాప్‌కు సరిపోతుందో చూసేది) బిల్డ్ డాట్ జిగ్ ఫైల్ ఉందో లేదో చూసి, ఉంటే పేరు ప్రింట్ చేసి సున్నాతో బయటికి రావాలి, అది మీరు బాగానే రాశారు. రిలీజ్ స్క్రిప్టులో డిఫాల్ట్ వెబ్ కమాండ్ ఇస్తే ప్రొక్‌ఫైల్ (యాప్‌ను ఏ కమాండ్‌తో నడపాలో చెప్పే ఫైల్) లేనివాళ్లకూ పనిచేస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు: టార్గెట్ చెప్పకపోతే జిగ్ బిల్డ్ జరిగిన మెషీన్ సీపీయూకే కోడ్ తయారు చేస్తుంది, డైనో వేరే రకం సీపీయూ మీద పడితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ వస్తుంది. అందుకే సీపీయూ బేస్‌లైన్ (ఆ రకం సీపీయూలన్నిటిలో నడిచే కనీస స్థాయి) అని తప్పకుండా ఇవ్వండి.

పోర్టు నంబర్ కోడ్‌లో రాసేయకుండా హెరోకు ఇచ్చే పోర్ట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోండి, 60 సెకన్లలో యాప్ ఆ పోర్టు మీద వినడం మొదలుపెట్టకపోతే ఆర్10 (బూట్ టైమ్‌అవుట్) ఎర్రర్‌తో డైనోను ఆపేస్తారు.