యుద్ధానికీ విమానాలకూ నడుమ ఒక పొలం

ప్రశ్న: ఎయిర్ డెక్కన్ స్థాపకుడు కెప్టెన్ గోపీనాథ్ 1971 యుద్ధంలో పాల్గొన్నారని చదివాను. సైన్యం విడిచిన వెంటనే ఆయన విమానయాన రంగంలోకి వచ్చారా? మా అబ్బాయి కూడా సైన్యంలో కెప్టెన్. త్వరలో బయటకు రావాలనుకుంటున్నాడు కనుక అడుగుతున్నాను.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వెంటనే రాలేదమ్మా. ఆ రెండింటికీ మధ్య దాదాపు పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆయన గురించి రాసేవారు తొందరగా దాటేసే ఆ కాలమే నా దృష్టిలో అసలైన మలుపు.

కర్ణాటకలోని హాసన్ జిల్లా గొరూరులో బడిపంతులు కుమారుడిగా పెరిగిన గోపీనాథ్, బిజాపూర్ సైనిక్ స్కూల్లోనూ నేషనల్ డిఫెన్స్ అకాడమీలోనూ చదివి, సైన్యంలో చేరిన కొత్తలోనే బంగ్లాదేశ్ విమోచన యుద్ధంలో పాల్గొన్నారు. ఎనిమిదేళ్ల సర్వీసు తరువాత, 28 ఏళ్ల వయసులో రాజీనామా చేశారు. అధికారికి పింఛను రావాలంటే సాధారణంగా 20 ఏళ్ల సర్వీసు ఉండాలన్న సంగతి గుర్తు చేసుకుంటే, ఆ నిర్ణయం ఎంత సాహసమో మీకే అర్థమవుతుంది.

సొంత భూములు హేమావతి ఆనకట్ట ముంపులో పోగా, ప్రభుత్వం బదులుగా ఇచ్చిన బీడులో ఆయన గుడారం వేసుకుని ఉంటూ సేద్యం మొదలుపెట్టారు. కొబ్బరి వేశారు, మల్బరీ పెంచారు, పట్టుపురుగుల పెంపకంలో ప్రకృతికి అనుకూలమైన పద్ధతులను ప్రయోగించి చూశారు. ఆ కృషికే 1996లో రోలెక్స్ పురస్కారం లభించింది. మధ్యలో మోటారు సైకిళ్ల డీలర్‌షిప్, హోటలు కూడా నడిపారు. యూనిఫాం విప్పిన మనిషి అప్పు, పంట, గిరాకీ అనే మూడింటినీ నేర్చుకున్నది అక్కడే.

1997లో సైన్యంలోని మిత్రుడితో కలిసి హెలికాప్టర్లను అద్దెకిచ్చే సంస్థను, 2003లో ఎయిర్ డెక్కన్‌ను ప్రారంభించారు. హుబ్లీ వంటి ఊళ్లను తక్కువ ఛార్జీలతో మహానగరాలకు కలపాలన్నది ఆయన ఆలోచన. హైదరాబాద్ నుంచి విజయవాడకు తలపెట్టిన తొలి ప్రయాణంలోనే, ప్రముఖులు కూర్చున్న విమానం ఇంజనులో మంటలు లేచినా ఆయన వెనుదిరగలేదు. నష్టాల కారణంగా 2007లో విజయ్ మాల్యాకు వాటా అమ్మవలసి వచ్చింది. అయినా సామాన్యుడిని విమానమెక్కించిన ఘనత ఆయనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక మీ అబ్బాయి విషయం. రక్షణ శాఖకు చెందిన పునరావాస డైరెక్టరేట్ జనరల్, సర్వీసు ముగించే అధికారుల కోసం ఐఐఎంల వంటి సంస్థల్లో మేనేజ్‌మెంట్ కోర్సులు ఏర్పాటు చేస్తోంది. వాటికి తనకు అర్హత ఉందో లేదో రాజీనామా పత్రం ఇవ్వకముందే కనుక్కోమని చెప్పండి.