చంటిబిడ్డ వచ్చాక పెద్దపిల్ల చంక దిగనంటే

‘రెండో కాన్పు అయి రెండు నెలలు కావస్తోంది. రెండున్నరేళ్ళ పెద్దపాప నిన్నమొన్నటి దాకా పట్టుకుందామన్నా అందకుండా పరుగులు పెట్టేది. ఇప్పుడు గడప దాటగానే ఎత్తుకోమని నేలమీద కూలబడుతోంది. మేము ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు, ఇంట్లో నేనూ మావారూ తప్ప పెద్దవాళ్ళెవరూ లేరు. దీన్ని మళ్ళీ నడిపించేది ఎలా?’ అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, మీరు అడిగింది నడక గురించే అయినా నాకు మాత్రం మీ మాటల్లో అన్నిటికంటే గట్టిగా వినిపించింది ‘ఎవరూ లేరు’ అన్న మాట. ఇరవై ఏళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే మాట రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని. అప్పుడు మా పెద్దమ్మాయికి రెండేళ్ళ మూడు నెలలు, చిన్నదానికి ఇరవై రోజులు. మావారు పొద్దున వెళితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. అమ్మ గొంతు వారానికొకసారి ఫోనులో వినడమే తప్ప, ముఖం చూస్తూ మాట్లాడే సదుపాయం అప్పట్లో లేదు. ఇప్పుడు వచ్చేవారికి ఆ వీలుంది కనుక కష్టం సగం తగ్గిందని మీరు అనుకోవచ్చు. కాని ఫోను తెరలో కనిపించే అమ్మమ్మ ఎంత ముద్దు చేసినా పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు కదా. చుట్టూ మనుషులున్న ఇంట్లో ఒక ఒడి నిండితే ఇంకో ఒడి ఉంటుంది. పరాయి దేశంలో పిల్లకు ఉన్నది అమ్మ ఒడి ఒక్కటే, దాన్ని కాస్తా నిన్నగాక మొన్న వచ్చిన చంటిది ఆక్రమించింది. పెద్దపిల్ల కాళ్ళు ఎందుకు ఆగిపోయాయో తెలియాలంటే ముందు దాని ఒంటరితనం మనకు అర్థం కావాలి. నాకు అది అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. అందాకా నేను చేసినవన్నీ పొరపాట్లే. మీరు వాటిని మళ్ళీ చేయకూడదనే కాస్త విపులంగా రాస్తున్నాను.

నా మొదటి పొరపాటు మాటతో మొదలైంది. ‘నువ్వు అక్కవైపోయావు, పెద్దదానివి, పెద్దపిల్లలు నడుస్తారు’ అని పూటకోసారి చెప్పేదాన్ని. పొగిడితే పొంగిపోయి నడుస్తుందని నా ఉద్దేశం. కాని ఆ పిల్ల వైపు నుంచి చూడండి: చిన్నగా ఉన్నవాళ్ళను అమ్మ ఎత్తుకుంటోంది, పెద్దవాళ్ళను నడవమంటోంది. అలాంటప్పుడు పెద్దదాన్నని ఒప్పుకోవడం వల్ల దానికి కలిసివచ్చేదేమిటి? వారం తిరగకముందే మా అమ్మాయి ముద్దుమాటలు మానేసి చంటిపిల్లలా కూతలు మొదలుపెట్టింది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం కూడా మళ్ళీ మొదలైంది. తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పిల్లలు ఇలా కొన్నాళ్ళు వెనక్కి వెళ్ళడం సర్వసాధారణమనీ, ఆదుర్దా పడకుండా ఉంటే దానంతటదే సర్దుకుంటుందనీ తరువాత పిల్లల డాక్టరు చెప్పారు. ఆ మాట ముందే తెలిసి ఉంటే ‘పెద్దదానివి’ అన్న మాటను నోటి చివరికి కూడా రానిచ్చేదాన్ని కాదు.

రెండో పొరపాటు, ఇద్దరినీ కూర్చోబెట్టి తోసుకెళ్ళే చక్రాల బండి, అంటే జంట స్ట్రోలర్ తెచ్చుకోవడం. దానివల్ల పేచీ ఆగింది, నడక కూడా ఆగిపోయింది. ఐదేళ్ళలోపు పిల్లలను స్ట్రోలర్లలో, కుర్చీల్లో కట్టేసి ఒక్క విడతన గంటకు మించి ఉంచకూడదనీ, ఏడాది దాటిన పిల్లలు రోజంతటిలో కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడుతూ ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా పిల్ల ఆ నెలలో అందులో సగమైనా కదిలి ఉండదు. జంట స్ట్రోలర్ వద్దని నేను అనను, దూరం వెళ్ళవలసిన రోజున అది ఎంతో ఆసరా. ఒంటి స్ట్రోలర్ వెనుక తగిలించుకునే చక్రాల పలకలు కూడా దొరుకుతాయి, పెద్దపిల్ల దాని మీద నిలబడి రావచ్చు. దిగాలనిపించినప్పుడు తానే దిగుతుంది కనుక నాకు అదే మెరుగనిపిస్తుంది. అది ఎంత బరువు దాకా ఆగుతుందో, మీ స్ట్రోలర్‌కు సరిపోతుందో లేదో చూసి తీసుకోండి. కారు సీట్ల నిబంధనలు, పిల్లలను ఒంటరిగా వదలకూడని చోట్ల నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయి. వాటిని మీ ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోగలరు.

మూడో పొరపాటు చెప్పాలంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. ఒకరోజు టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్ళాలి, ఆలస్యమవుతోంది. చిన్నది నా గుండెలకు కట్టుకున్న క్యారియర్‌లో ఏడుస్తోంది, పెద్దది కాలిబాట మీద కూలబడి ఉంది. లేవమని దాని చేయి పట్టి ఒక్కసారి పైకి లాగాను. కెవ్వుమంది. ఆ తరువాత ఆ చేయి కదల్చకుండా ఒంటికి ఆనించి పట్టుకుంది, వేలు తగిలితే చాలు ఏడ్చింది. నాలుగైదేళ్ళ లోపు పిల్లల్లో మోచేతి దగ్గర ముంజేతి ఎముకను పట్టి ఉంచే బంధం ఇంకా బిగువు పడి ఉండదు. చాచిన చేతిని విసురుగా లాగితే ఆ ఎముక కొద్దిగా పక్కకు జారుతుంది. డాక్టరు చేతిని ఒక్క మడత మడిచి క్షణంలో సరిచేశారు, పది నిమిషాల్లో అదే చేత్తో ఆడుకుంది. అంత తేలికగా తీరిపోయింది కదా అని ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు, అది డాక్టరు చేయవలసిన పని. పిల్లను లేపవలసి వస్తే రెండు చంకల కింద చేతులు వేసి లేపండి, ముంజేయి పట్టి ఎన్నడూ లాగకండి.

ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగోది ఒక ఎత్తు. ‘నువ్వు ఇక్కడే కూర్చో, నేనూ చెల్లీ వెళ్ళిపోతాం’ అని చెప్పి స్ట్రోలర్ తోసుకుంటూ పది అడుగులు ముందుకు వేశాను. ప్రతి తల్లీ ఏదో ఒక రోజు అనే మాటే కదా అనుకున్నాను. వెనక నుంచి ఏడుపు వినిపించకపోయేసరికి తిరిగి చూశాను. మా అమ్మాయి ఏడవడం లేదు, లేవడం లేదు. రెండు చేతులతో తన గౌను అంచు గట్టిగా పట్టుకొని, నోరు తెరుచుకొని, మా వైపే చూస్తోంది. అమ్మ, చెల్లి ఒక జట్టు, తాను వేరు అని ఆ పిల్ల కొన్ని వారాలుగా దేనికి భయపడుతోందో దాన్ని నా నోటితో నేనే ఖాయం చేశాను. ఈ దేశంలో తన భాష తెలిసిన మనిషి, తన పేరు సరిగ్గా పలికే మనిషి పగటిపూట నేను ఒక్కదాన్నే, ఆ ఒక్కదాన్నీ వదిలేస్తానన్నాను. ఆ రోజు నుంచి పదిహేను రోజులు ఇంట్లో స్నానాల గదికి కూడా నా కొంగు వదలకుండా వచ్చేది. అమ్మా, ఎంత విసుగు వచ్చినా సరే, వదిలి వెళ్ళిపోతానని మాత్రం అనకండి.

మీరు ముందుగా తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఇంట్లో చక్కగా పరుగెత్తుతూ వీధిలో మాత్రమే కూలబడితే అది చాలావరకు మనసుకు సంబంధించినది. ఇంట్లో కూడా నిలబడనంటున్నా, ఒక కాలు కుంటుతున్నా, జ్వరం ఉన్నా, కాలు ముట్టుకుంటే ఏడుస్తున్నా అసూయ అని తేల్చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఈ వయసులో చిన్న మెలికకే కాలి ఎముకలో సన్నని పగులు రావచ్చు, పైకి వాపు కనిపించకపోవచ్చు. అలాగే 18 నెలలు నిండినా ఊతం లేకుండా అడుగు వేయని పిల్ల అయితే చంటిబిడ్డ రాకతో దాన్ని ముడిపెట్టకుండా చూపించండి.

డాక్టరుతో పని లేని కారణాలు కూడా ఉంటాయి. నెలల తరబడి బతిమాలీ కసిరీ అలసిపోయాక, ఒక సాయంత్రం మేడమెట్ల మీద కూర్చోబెట్టి మా అమ్మాయి బూట్లు విప్పాను. మేజోడు తీస్తే బొటనవేలు గోరు పక్కన ఎర్రగా కంది ఉంది, చిటికెన వేలి మీద బూటు కుట్టు అచ్చు పడి ఉంది. బూటు లోపల నా వేలు పెట్టి చూస్తే ముందువైపు ఖాళీ అన్నదే లేదు. కాన్పు హడావుడిలో దాని పాదం పెరిగిన సంగతి ఇంట్లో ఎవరమూ చూడలేదు, చెప్పడానికి దానికి మాటలు చాలవు. ఈ వయసులో పాదాలు త్వరగా పెరుగుతాయి, రెండు మూడు నెలలకొకసారి కొలత చూడాలి, వేలికొస ముందు ఒక బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. మీరు ఈ రోజే చూడండి. కొత్త బూట్లు తొడిగిన మర్నాడే పిల్ల పరుగెత్తిందని చెప్పను, కాని ఆ రాత్రి దాని పాదాలు ఒళ్ళో పెట్టుకొని నిమురుతూ గంటసేపు కూర్చున్నాను. చిన్నది పుట్టాక దానికి నా ఒడి అంతసేపు దొరకడం అదే మొదలు. మా ఇంట్లో మార్పు మొదలైంది ఆ గంట నుంచే.

అప్పటి నుంచి నేను ఎత్తుకోవడాన్ని నిరాకరించడం మానేసి, దాన్ని ముందే ఇవ్వడం మొదలుపెట్టాను. బయలుదేరే ముందు పది నిమిషాలు, చిన్నది నిద్రలో ఉన్నప్పుడు, పెద్దదాన్ని ఒళ్ళోకి తీసుకొని కూర్చునేదాన్ని. అడిగి, ఏడ్చి సంపాదించిన ఒడి వేరు, అడగకుండా దొరికిన ఒడి వేరు. మీకు సిజేరియన్ అయి ఉంటే సాధారణంగా ఆరు వారాల దాకా చంటిబిడ్డ కంటే బరువైనది ఎత్తవద్దంటారు, ఈ వయసు పిల్ల 12 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. గడువు దాటినా ఒకసారి మీ డాక్టరును అడగండి. అందాకా నిలబడి ఎత్తుకోకుండా మీరు కూర్చుంటే పిల్లే ఎక్కుతుంది. ఉప్పుమూట మోసే పని నాన్నది.

చంటిదాన్ని కూడా అప్పుడప్పుడు ఆగమనడం నేను నేర్చుకున్న గొప్ప కిటుకు. పెద్దపిల్ల రోజంతా ‘ఆగు, చెల్లి పాలు తాగుతోంది’, ‘ఉండు, చెల్లి నిద్రపోతోంది’ అని వింటూనే ఉంటుంది. చిన్నది కొంచెం గునిసినప్పుడు ‘చిట్టితల్లీ, కాస్త ఆగమ్మా, అక్క బూట్లు తొడుక్కుంటోంది’ అని పెద్దదానికి వినబడేలా పైకి అన్నాను. అంత పసికందుకు అది అర్థం కాదు, ఒక్క నిమిషంలో దానికి వచ్చే నష్టమూ లేదు. పెద్దదాని ముఖం మాత్రం విప్పారింది. తానే స్ట్రోలర్ దగ్గరికి వెళ్ళి దాని కడ్డీ పట్టుకుంది.

నడక విషయానికి వస్తే, ఈ పిల్లల కాళ్ళలో సత్తువకు కొదవ లేదు. నడక నేర్చే పిల్లలను స్వేచ్ఛగా ఆడుకోనిచ్చి లెక్కించిన ఒక పరిశోధన 2012లో వచ్చింది. గంటకు సగటున 2368 అడుగులు వేశారని, 17 సార్లు పడ్డారని అందులో తేలింది. అయితే ఆ అడుగులు అటూ ఇటూ తిరుగుతూ వేసినవి, మనలా చేరవలసిన చోటు చూసుకొని తిన్నగా వేసినవి కావు. అందుకే ‘ఆసుపత్రి దాకా నడువు’ అంటే పిల్లకు ఏమీ తోచదు, ‘ఆ వీధిదీపం స్తంభం దాకా వెళ్ళి ముట్టుకుందాం’ అంటే తోస్తుంది. స్తంభం నుంచి ఎర్ర గేటు, గేటు నుంచి చెట్టు. అరగంట ముందు బయలుదేరితేనే ఇది సాగుతుంది, ఆలస్యమైన రోజున దీన్ని తలపెట్టకండి, ఆ రోజు స్ట్రోలర్‌లో కూర్చోబెట్టడమే మేలు. చెల్లి టోపీయో గుడ్డో మోసే పని ఇవ్వండి, చేతిలో పని ఉన్న పిల్ల చేతులు పైకెత్తి ఎత్తుకోమనడం తక్కువ. రోడ్డు దాటేచోట మాత్రం చేయి పట్టుకోవడమో, ఎత్తుకోవడమో రెండే దారులని మొదటి రోజు నుంచి గట్టిగా ఉండండి.

ఇంకొక సంగతి నాన్నలు తెలుసుకోవలసినది. సాయం చేయాలనుకున్న నాన్నలు చాలామంది పెద్దపిల్లను తాము బయటికి తీసుకెళ్ళి, చంటిబిడ్డను తల్లి దగ్గర వదులుతారు. మావారూ మంచి మనసుతో అదే చేసేవారు. పిల్లకేమో తనను ఇంట్లోంచి పంపించేసినట్టు తోచేది. చంటిది పాలు తాగి పడుకున్నాక దాన్ని ఆయనకు అప్పగించి, నేనూ పెద్దదీ పావుగంట వీధిలోకి వెళ్ళడం మొదలుపెట్టాక మూడు వారాల్లో తేడా కనిపించింది. ఆ పావుగంట నాకు కూడా ఊపిరాడిన సమయం. ఆ నడకలోనే మూడిళ్ళ అవతల నాలాగే పసిబిడ్డతో ఉన్న ఒకావిడ పరిచయమైంది. ఆవిడ భాష వేరు, నా భాష వేరు, ఇద్దరి మధ్యా వచ్చీరాని ఇంగ్లీషు. అయినా సాయంత్రం ఐదు గంటలకు ఎదురుచూసే మనిషి ఒకరున్నారంటే పగలు నా గొంతు హెచ్చేది కాదు, గొంతు హెచ్చని ఇంట్లో పిల్ల కూలబడటం తగ్గింది. మీరు మనవాళ్ళ కోసం వెతుకుతూ నెలలు గడపకండి. మీ వీధిలో స్ట్రోలర్ తోసుకుంటూ కనిపించే ఆడమనిషి ఎవరైనా సరే, ముందుగా మీరే పలకరించండి.

ఈ సాయంత్రం చంటిబిడ్డను మీవారి చేతికిచ్చి, మీ పెద్దపాప బూటులో వేలు పెట్టి చూసి, మీరిద్దరే మొదటి స్తంభం దాకా వెళ్ళి రండి. తిరుగుదారిలో ఎత్తుకోమంటే మెట్ల మీదో గోడ అంచునో కూర్చొని ఒళ్ళోకి తీసుకోండి. రేపు రెండో స్తంభం దాకా వెళ్ళవచ్చు.